ఉప్పు తక్కువైందని చెప్పే హక్కు

ముందు తీర్పు చెప్పేస్తాను, తర్వాత గొడవ పడదాం. బాగోలేదు.

నేను మాట్లాడుతున్నది గ్రాసరీ స్టోర్‌లో కొన్న బార్బెక్యూ బీఫ్ గురించి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్‌కి ఐదు నిమిషాల దూరంలో ఉన్న స్టోర్. చల్లటి అరలో సాసేజ్‌లకీ చీజ్ ప్యాకెట్లకీ మధ్య నల్లటి ప్లాస్టిక్ ట్రే. దాని మీద అట్ట తొడుగు. అట్ట మీద నిప్పులు, పొగ, చెక్క బల్ల బొమ్మలు. "హికరీ పొగ రుచి", "నెమ్మదిగా వండినది", "పూర్తిగా ఉడికింది, వేడి చేసుకుంటే చాలు". ఒక పౌండు, 12.99 డాలర్లు. ఆ శుక్రవారం సాయంత్రం ఒక డిప్లాయ్‌మెంట్ బెడిసికొట్టి, దాన్ని వెనక్కి లాగేసరికి ఎనిమిదైంది. వంట చేసే ఓపిక లేదు. పైన ఫిల్మ్ ఒక మూల లేపి, నాలుగు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టాను.

మొదట తీపి తగిలింది. తర్వాత పులుపు, ఆ తర్వాత మళ్ళీ తీపి. మాంసం వంతు నాలుగో ముద్దకి గానీ రాలేదు. వచ్చాక కూడా దానికి సొంత మాటంటూ ఏమీ లేదు. పీచులు విడిపోతున్నాయి గానీ పళ్ళకి పనిలేదు. తడిసిన అట్టని నమిలినట్టుంది. అప్పుడు ట్రే తిరగేసి చదివాను. బీఫ్, నీళ్ళు, బ్రౌన్ షుగర్, టమాటో పేస్టు, వెనిగర్, మొలాసిస్, స్టార్చ్, సోడియం ఫాస్ఫేట్, స్మోక్ ఫ్లేవర్. నీళ్ళు రెండో స్థానంలో, చక్కెర మూడో స్థానంలో ఉన్నాయి. ఈ దేశంలో లేబుల్ మీద పదార్థాలు బరువు లెక్కన, ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి. అంటే మాంసం తర్వాత నేను ఎక్కువ డబ్బు పెట్టింది నీళ్ళకీ చక్కెరకీ.

ఇలా ఎందుకైందో చెప్పడం కష్టం కాదు. ఆ ముక్క పేరు బ్రిస్కెట్. ఆవు ఎద దగ్గరి కండ. ఒంటి బరువులో సగానికి పైగా మోసేది ముందుకాళ్ళు కాబట్టి, నిత్యం పనిచేసే కండ ఇది. అందుకే గట్టిగా, కొలాజెన్ నిండి ఉంటుంది. ఆ కొలాజెన్ కరిగి జెలటిన్ అవ్వాలంటే కాలం కావాలి. టెక్సస్ పద్ధతిలో అయితే 110, 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఓక్ కట్టెల పొగలో, పది పన్నెండు గంటలు ఉంచుతారు. మధ్యలో ఒక దశ వస్తుంది. మాంసం లోపలి వేడి 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలదు. లోపలి తేమ పైకొచ్చి ఆవిరవుతూ, మన ఒంటికి పట్టిన చెమటలా దాన్ని చల్లబరుస్తుంటుంది. తెలియనివాళ్ళు ఇక్కడే కంగారుపడి మంట పెంచేస్తారు. ఓపిక పట్టినవాళ్ళకి పైన ఉప్పూ మిరియాలూ పొగా కలిసి నల్లటి చెక్కు కడుతుంది, లోపల 93 డిగ్రీలు దాటేసరికి ముక్క వెన్నలా అవుతుంది.

సీల్ చేసిన సంచిలో ఉడికిన మాంసానికి ఈ కథేదీ జరగదు. తేమ బయటికి పోదు కాబట్టి చెక్కు కట్టదు. చెక్కు లేని లోటుని సాస్ కప్పుతుంది. నీళ్ళు పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్ ఉంది. ఇక పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఈ ప్యాకెట్ ఆ సామెత మీద కొట్టిన దెబ్బ. స్మోక్ ఫ్లేవర్ అంటే నిజమైన పొగే. ఎక్కడో కట్టెలు కాల్చి, ఆ పొగని చల్లార్చి, ద్రవంగా పట్టి, సీసాల్లో అమ్ముతారు. కాబట్టి నిప్పు ఉంది. ఈ మాంసం మాత్రం దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

*

సగం తిన్నాక అమ్మ వీడియో కాల్ చేసింది. కాజీపేటలో అప్పుడు శనివారం పొద్దున ఏడు.

"ఏం తింటున్నవ్ బిడ్డా?"

"బీఫ్ అమ్మా."

"పెద్దకూరనా? గట్ల చెప్పు. ఏ ముక్క?"

సీనా అన్నాను. మన మాంసం కొట్లలో ఆ భాగానికి అదే పేరు. ఫోన్ ట్రే మీదికి వంచాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"గంత మెరుస్తుందేంది? చక్కెర పోసిండ్రా? ఉప్పు ముందు పట్టిచ్చిండ్రా, తర్వాత ఏసిండ్రా?"

"తర్వాతే అయ్యుంటది."

"మరి ముక్కకి ఎట్ల పడ్తది? సీనాకి ముందు ఉప్పు, పసుపు పట్టిచ్చి గంటన్న పెట్టాలె. ఉప్పు తక్కువుంది, నీ మొకం చూస్తెనే తెలుస్తంది."

పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం నుంచి, రుచి చూడకుండా, ఆ వంటలోని ప్రధాన లోపం పట్టేసింది. సాస్‌లో ఉప్పుంది. మాంసంలో లేదు.

మా నాన్న రైల్వేలో చేసేవాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంట్లో పెద్దకూర. ఆ పూట మా ఇంట్లో జరిగినంత నిర్మొహమాటమైన విమర్శ నేను తర్వాత ఏ సాహిత్య సభలోనూ వినలేదు. పెద్దమ్మ తొందరమనిషి, ముక్క సరిగ్గా ఉడకనియ్యదని అందరికీ తెలుసు. మేనత్త పసుపు ఎక్కువేస్తుంది. నాన్న ఒక్కడే బోటి శుభ్రంగా కడుగుతాడు, కానీ కారం మరీ ఎక్కువ. ఎండాకాలం ఒట్టి తునకలు చేసేవాళ్ళు. మాంసం సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండబెట్టడం. కాకుల కాపలా పిల్లలది. ఆ తునకలు చింతచిగురుతో వండిన రోజు కూడా ఎవరో ఒకరు, "ఈసారి రెండెండలు తక్కువైనయ్, వాసనస్తంది" అనకుండా లేచేవాళ్ళు కాదు. అన్నందుకు ఎవరూ అలిగేవాళ్ళు కాదు. మళ్ళీ ఏడు రెండెండలు ఎక్కువ పెట్టేవాళ్ళు.

ఆ బంతిలో కూర్చున్న ఎవరికీ తాము ఒక అస్తిత్వాన్ని భుజిస్తున్నామని తెలియదు. వాళ్ళు కూర తింటున్నారు. అది ఒక్కోవారం బాగుండేది, ఒక్కోవారం బాగుండేది కాదు.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఈ భాష ఆ ఇంటి గడప దాటి తెలుగు అచ్చులోకి రాలేదు. బయట ఈ కూరకి రెండే పేర్లున్నాయి. ఒకటి నీచం. రెండోది జెండా. నీచానికి రుచి ఉండదు. జెండాకీ ఉండదు.

*

నేను కూడా ఆ గడప దాటించలేదు. ఇంజినీరింగ్ హాస్టల్‌లో నాలుగేళ్ళు "మేం చికెన్, మటనే" అని చెప్పాను. అడిగినవాడు మంచి స్నేహితుడే. నా నోట్స్ రాసిపెట్టినవాడే. అయినా చెప్పాను. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసినప్పుడు నాకు ఉద్యోగం వచ్చి కొన్ని నెలలైంది. మాదాపూర్‌లో పీజీ హాస్టల్ టీవీలో చూశాం. రాళ్ళు, లాఠీలు, బాష్పవాయువు. పక్క మంచం అతను, "వీళ్ళకి చదువుకోవడం తప్ప అన్నీ కావాలి" అన్నాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. ఆ రోజు అక్కడ పెద్ద గిన్నెల చుట్టూ నిలబడ్డవాళ్ళు నా తరఫున కూడా నిలబడ్డారని నాకు తెలుసు. ఆ గిన్నెలో ఉప్పు సరిపోయిందా లేదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు, అడగాల్సిన సందర్భమూ కాదు.

ఇప్పుడు టెక్సస్‌కి రండి. మా టీమ్‌లో తెలుగువాళ్ళం ఆరుగురం. ఒకసారి అందరం కలిసి లాక్‌హార్ట్ వెళ్ళాం. ఆస్టిన్‌కి దక్షిణాన ఉన్న చిన్న ఊరు. బార్బెక్యూ రాజధాని అని టెక్సస్ శాసనసభే తీర్మానం చేసింది. మాలో ఒకతనికి తెలుగులో రాసే అలవాటుంది. దారంతా అతను నాకు బ్రిస్కెట్ గురించి చెప్పాడు. ఏ వైపు కొవ్వు ఎక్కువ, గులాబి రంగు వలయం ఎలా వస్తుంది, కత్తి ఎటు పెట్టాలి. అన్నీ సరిగ్గానే చెప్పాడు. నేను "నువ్వు బీఫ్ ఎప్పట్నించి తింటున్నావ్?" అని అడిగితే నవ్వి, "బీఫ్ ఎక్కడ బ్రో, ఇది బ్రిస్కెట్" అన్నాడు.

తర్వాత ఆ ప్రయాణం మీద వ్యాసం రాశాడు. చదవబుద్ధయ్యేలా రాస్తాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. పొగ, కట్టె, నల్ల చెక్కు, కసాయి కాగితం మీద జారే కొవ్వు, అన్నీ కళ్ళకి కట్టాయి. "బ్రిస్కెట్" అనే మాట పదిహేడుసార్లు వచ్చింది. పని లేక లెక్కపెట్టాను. పెద్దకూర, గొడ్డు మాంసం అనే మాటలు ఒక్కసారి కూడా లేవు. గోంగూరకి పర్యాయపదాలు వెతుక్కునే మనిషి, తన భాషలో ఉన్న మాటని అంత జాగ్రత్తగా తప్పించుకుని నడిచాడు.

తినకపోవడం ఎవరిష్టం వాళ్ళది. తినని ఇంట్లో అన్నం తిన్నాను, తింటాను. నా గొడవ తిని, పేరు మార్చి, పాపం ఇంగ్లీషు మీదికి తోసేవాళ్ళతో. అయితే ఆ వ్యాసంలో నన్ను నిజంగా కుదిపింది పేరు మార్పు కూడా కాదు. ఒక చిన్న వాక్యం. రెండో దుకాణంలో ముక్క ఎండిపోయిందనీ, అంత పేరుకి తగ్గట్టు లేదనీ అతను రాశాడు. ఎంత తేలిగ్గా రాశాడో! అతనికి అది కూర మాత్రమే కాబట్టి రాయగలిగాడు. పుట్టినప్పటి నుంచి తింటున్న నేను తెలుగులో ఒక్కసారి కూడా "ఈ పెద్దకూర బాగోలేదు" అని రాయలేదు. రాస్తే ఎవరి చేతికి కర్ర అందిస్తానో అని భయం.

*

ఆ భయం ఉత్తదేం కాదు. 2015లో దాద్రీ దగ్గర ఇంట్లో గొడ్డు మాంసం ఉందన్న అనుమానంతో మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. మనుషులు చచ్చిపోతుంటే ఉప్పూ కారం గురించి మాట్లాడతావా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్న. నా జవాబు కోసం మళ్ళీ టెక్సస్ దాకా రావాలి.

ఈరోజు గొప్పగా చెప్పుకుంటున్న ఈ బ్రిస్కెట్ ఒకప్పుడు చవక ముక్క. మధ్య టెక్సస్‌కి వలస వచ్చిన జర్మన్, చెక్ కసాయిలు అమ్ముడుపోని ముక్కలు పాడవకుండా పొగబెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. కొన్నవాళ్ళలో చాలామంది పత్తి ఏరడానికొచ్చిన కూలీలు. వరంగల్ జిల్లావాడిని కదా, పత్తి కూలీలు అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. మరో పాయ నల్లవాళ్ళది. దక్షిణాది తోటల విందుల కోసం రాత్రంతా గుంట దగ్గర మెలకువగా ఉండి మాంసం కాల్చింది బానిసలు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు చదివారు. ఆ రోజుని తర్వాతి ఏళ్ళలో పండగ చేసుకున్నప్పుడు, అదే గుంట, అదే పని, ఈసారి తమ కోసం. మూడో పాయ దక్షిణ టెక్సస్ మెక్సికన్ల బార్బకోవా. ఆవు తలకాయని భూమిలో పాతి వండడం.

ఇంత కింది నుంచి వచ్చిన తిండికి ఇవాళ ఏం జరిగిందో చూడండి. టెక్సస్ మంత్లీ పత్రిక 2013లో డేనియల్ వాన్ అనే అతన్ని బార్బెక్యూ ఎడిటర్‌గా పెట్టుకుంది. అంతకుముందు అతను ఆర్కిటెక్ట్. అతని పని ఊరూరా తిరిగి తినడం, ఏది బాగుందో ఏది ఎండిపోయిందో పేరు పెట్టి రాయడం. నాలుగేళ్ళకోసారి ఆ పత్రిక యాభై దుకాణాల జాబితా వేస్తే రాష్ట్రమంతా కొట్టుకుంటుంది. 2015లో ఆస్టిన్ వంటవాడు ఆరన్ ఫ్రాంక్లిన్‌కి జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. 2024లో మిషెలిన్ గైడ్ మొదటిసారి టెక్సస్‌కి వచ్చినప్పుడు నాలుగు బార్బెక్యూ దుకాణాలకి నక్షత్రాలిచ్చింది.

ఆ గౌరవం పొగడ్తల వల్ల రాలేదని నా వాదన. "కష్టజీవుల తిండి, తప్పక తినండి" అని ఏళ్ళ తరబడి రాసి ఉంటే ఆ తిండి మ్యూజియంలో ఉండేది. ఈ దుకాణంలో కొవ్వు కరగలేదు, ఆ దుకాణంలో పొగ చేదెక్కింది, ఇదిగో ఇక్కడ మాత్రం చేయి తిరిగింది అని మనుషులు తగువులాడుకున్నారు. లోపం చెప్పాలంటే కొలత కావాలి. కొలత కావాలంటే ఆ పని లోపలికి వెళ్ళి చూడాలి. అలా చూశాకే అది చేతిపని అనీ, దానిలో నైపుణ్యం ఉందనీ లోకం ఒప్పుకుంది.

ఇందులో ఒక మోసం కూడా ఉంది, దాన్ని దాచను. కీర్తి వచ్చినప్పుడు నల్ల పిట్‌మాస్టర్లకి రావాల్సిన వాటా రాలేదన్న విమర్శ అమెరికాలో గట్టిగానే ఉంది. కొలత ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మనుషులే ముందు కనిపిస్తారు. అందుకే నేనంటున్నది, ఆ కొలత మన చేతిలోకి కూడా రావాలని. కొలతే వద్దని కూర్చుంటే, చెయ్యి మారే ప్రశ్నే లేదు.

*

ఇంతసేపూ కూర గురించి మాట్లాడాను గానీ, ఇది సాహిత్య పత్రిక. నా అసలు తగువు ఇక్కడుంది.

1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. తెలుగు కవిత్వంలో దళిత గొంతు ఇక పక్కకి జరగదని చెప్పిన సంకలనం. ముప్పయ్యేళ్ళైంది. ఈ ముప్పయ్యేళ్ళలో దళిత, ముస్లిం రచయితల పుస్తకాల మీద వచ్చిన సమీక్షలు దొరికినన్ని చదివాను. ఎక్కువ భాగం నమస్కారాలు. "నిప్పులాంటి కథలు." "మట్టి వాసన." "అణచివేతని అక్షరీకరించిన." "ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన." పుస్తకం పేరు మార్చి అదే సమీక్షని ఇంకో పుస్తకానికి అతికించినా అతుక్కుంటుంది. వేముల ఎల్లయ్య 'కక్క' గురించి ఎత్తగానే మాదిగ బతుకు, మాదిగ భాష అంటాం. నిజమే. కానీ ఆ భాషతో ఆ నవల ఎక్కడ నిలబడింది, ఎక్కడ తడబడింది అని కూర్చుని వాక్యం వాక్యం మాట్లాడుకున్నది ఎంత?

వీటిని నేను రెడీ టు హీట్ సమీక్షలు అంటాను. ముందే ఉడికి, సీలై ఉంటాయి. నాలుగు నిమిషాలు వేడి చేస్తే చాలు. పొగ వాసన కూడా ఉంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. నిప్పు ఎక్కడో, ఎవరి జీవితంలోనో నిజంగానే రగిలింది. సమీక్ష దాన్ని చూడలేదు. సీసాలోంచి రెండు చుక్కలు వేసుకుంది.

ఇలాంటివి నేనూ రాశాను. నాలుగేళ్ళ క్రితం మా వైపు రచయిత ఒకాయన కథల పుస్తకం మీద రాశాను. ఎనిమిది కథలు. ఎనిమిదీ అద్భుతమన్నాను. నిజానికి మూడో కథ ముగింపు నాకు నచ్చలేదు. చనిపోయిన ఎద్దుని ఊరి చివరికి లాక్కెళ్ళిన తండ్రీకొడుకుల కథ అది. ఇద్దరి మధ్యా చెమట, ఈగలు, తాడు, మాటలు తక్కువ, అన్నీ పట్టుగా నడిచి, చివరి పేజీలో కొడుకు హఠాత్తుగా ఉపన్యాసం ఇస్తాడు. అది నాకు చదువుతున్నప్పుడే తెలిసింది. రాయలేదు. సమీక్ష వచ్చిన వారానికి ఆయన ఫోన్ చేశారు. థాంక్స్ చెప్పి, కాసేపాగి అడిగారు.

"అన్నీ మంచిగున్నయన్నవ్ తమ్మీ. మూడో కథ ముగింపు ఎట్లనిపిచ్చిందో చెప్పలే. నాకే అది కుదర్లే అనిపిస్తంది. నువ్వు చెప్తవనుకున్న."

నేను ఏదో గొణిగాను. "అట్లేం లేదన్నా, బాగుంది" అన్నాను. ఆయన "సరే తమ్మీ" అని పెట్టేశారు. ఆ "సరే" ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయన నా దగ్గర ఒక పాఠకుణ్ణి వెతుక్కున్నారు. నేను ఆయనకి ఒక మద్దతుదారుణ్ణి ఇచ్చాను. హాస్టల్‌లో "మేం చికెన్, మటనే" అన్నప్పుడు చేసిన పనే మళ్ళీ చేశాను. అప్పుడు కూరని దాచాను, ఇప్పుడు రుచిని దాచాను.

*

అభ్యంతరాలు నాకు తెలుసు. ఒకటి: "శిల్పం లేదు" అనే మాటతోనే కదా ఇన్నాళ్ళూ ఈ రచనల్ని గుమ్మం బయట నిలబెట్టారు, మళ్ళీ అదే కర్ర ఎత్తుతావా? అవును, ఆ కర్రతో కొట్టారు. కానీ అలా కొట్టినవాళ్ళు తిని చెప్పలేదు. వాసనకే ముక్కు మూసుకుని తీర్పు చెప్పారు. మా పెద్దమ్మ వంటకి వంక పెట్టినవాళ్ళంతా పెద్దమ్మ బంతిలో కూర్చున్నవాళ్ళు, వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చోబోయేవాళ్ళు. విమర్శకి నేను అడిగే అర్హత అదొక్కటే. కులం సర్టిఫికెట్ అడగట్లేదు. బంతిలో కూర్చో, చేత్తో కలుపుకో, పూర్తిగా తిను, అప్పుడు చెప్పు. దండెం మీద ఎన్నెండలు పెట్టారో తెలియనివాడు తునకల గురించి మాట్లాడే ముందు అడిగి తెలుసుకోవాలి.

రెండు: ఇది సమయం కాదు, దాడి జరుగుతున్నప్పుడు లోపాలు ఎంచకూడదు. నేను పుట్టినప్పటి నుంచి సమయం కాలేదు. ఎప్పటికవుతుందో ఎవరూ చెప్పరు. పోరాటం చేస్తున్నవాళ్ళు కూడా సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తింటారు, ఉప్పు తక్కువైతే అడిగి వేయించుకుంటారు. 2012లో ఆ గిన్నెల దగ్గర నిలబడ్డవాళ్ళు అడిగింది, తమ కూర కూడా అందరి కూరల్లాంటిదే అని. అందరి కూరలకీ ఉన్న మామూలుతనంలో, బాగోలేదనిపించుకునే వీలు కూడా ఉంది. అది లేకుండా ఇచ్చే గౌరవం అతిథికిచ్చే గౌరవం. ఇంటివాళ్ళనైతే "ఏందిది, ఇట్ల చేసినవ్" అంటాం.

మూడోది పాఠకులకి. అంటే మీకు. అస్తిత్వ సాహిత్యం అనగానే అరలోంచి తీసి, లైక్ కొట్టి, సగం చదివి పక్కన పెట్టేసిన పుస్తకాలు మీ దగ్గర ఎన్నున్నాయో చూసుకోండి. నా దగ్గర పదకొండున్నాయి. సగంలో ఎందుకు ఆగారో రాయండి. పుస్తకం తప్పైతే అది చెప్పండి, మీ చదువు తప్పైతే అదీ చెప్పండి. రెండూ పనికొస్తాయి. మౌనం పనికిరాదు.

మిగిలిన సగం ట్రే సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు అమ్మ చెప్పినట్టు చేశాను. వేడినీళ్ళలో ముంచి సాస్ అంతా కడిగేశాను. ఉల్లిపాయ ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ధనియాల పొడి వేసి, ఉప్పు పట్టేదాకా సన్న మంట మీద ఉంచాను. ఆ తీపి పూర్తిగా పోలేదు. ముక్క మెత్తదనం ఎట్లాగూ బాగుపడదు. ఫోటో పంపిస్తే అమ్మ, "రంగు మంచిగనే వచ్చింది, ఇంక జర ఏగాలె" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.

తిన్నాక లాప్‌టాప్ తీసి, ఆ కథల పుస్తకం మూడో కథ మీద మూడు పేజీలు రాసి ఆయనకి పంపాను. ఉపన్యాసం ఎక్కడ మొదలైందో, తాడు దగ్గరే కథ ఎందుకు ఆగాల్సిందో రాశాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. సగం ఒప్పుకున్నారు. మిగతా సగానికి నన్ను ఆరు పేరాల్లో తిట్టారు.